పదిహేడో గదిలో పోత పట్టని పిల్ల

మొదటి రోజు, సోమవారం

ఉప్పుగూడెం నుంచి ఎర్రమెట్టకి పదకొండు రోజుల ప్రయాణం. బండి దిగేసరికి కనుబొమల మీద కూడా ఎర్రదుమ్ము. విశ్వవిద్యాలయం గేటంటే ఏదో పెద్దగా ఊహించుకున్నాను గాని, కొండ కడుపులోకి ఒక ఇనప తలుపు, దాని లోపల ఇంకో ఇనప తలుపు, ఆ రెంటి మధ్య నిలబెట్టి చీపురుతో మనల్ని దులిపే ఒక పెద్దావిడ, అంతే. ఆవిడే మా వార్డెన్ ఎస్తేరు రాణి గారు.

"చెవుల వెనక కూడా దులుపుకో తల్లీ. రేపు పోత అక్కడే పోసేది" అంది.

చేతిలో ఒక కాగితం పెట్టారు. పైన 'విద్యార్థి జీవితంలో మీకు ఎదురయ్యేవి' అని లావుపాటి అక్షరాలు. కింద నాలుగే ముక్కలు: గది, మంచం, మెస్ వేళలు, పోత సమయం. మిగతావన్నీ పోతలోనే వచ్చేస్తాయట. నాకది నచ్చలేదు. ఏమేం ఎదురవుతాయో ఎదురయ్యాక నేనే రాసుకుంటాను. ప్యాకింగు కాగితాలు కుట్టి మా అమ్మ చేసిచ్చిన నోటుపుస్తకాలు ఆరున్నాయి.

మా గది పదిహేడు. తలుపు మీద మూడు ఇత్తడి పలకలు, మూడు పేర్లు: జరీనా, తొలకరి, వరాలు. మూడోది నేను. ఇక్కడ పట్టా మనిషికి ఇవ్వరు, గదికి ఇస్తారు. ముగ్గురూ గట్టెక్కితేనే గది గట్టెక్కినట్టు. అంగారకుడి మీద ఒక్కడి పొరపాటుకి ఊరు ఊరంతా ఊపిరాడక పోయిన రోజులు చూసిన పెద్దలు పెట్టిన పద్ధతి ఇది. గది గోడలో మనిషెత్తు గాజు తొట్టి ఉంది, దాన్నిండా పచ్చటి పాచి. గదికి గాలి ఇచ్చేదీ, మార్కులు తెచ్చేదీ ఆ పాచే.

జరీనా రాతిగూడ పిల్ల. వచ్చీ రాగానే మూడు మంచాలూ తనే సర్దేసి మా వైపు తిరిగింది. "మా అన్న గదిల ఒకడు ఫెయిలయిండు. అన్న ఇప్పుడు గనిల రాళ్ళు మోస్తుండు. నా గదిల అట్ల కానియ్య. ముందుగాలనే చెప్తున్న." నాకు నచ్చింది. మొహమాటం లేని మనుషులతో బతకడం తేలిక.

తొలకరిది లంకలపాడు. సంచీ విప్పకముందే మెస్ ఎటువైపో కనుక్కుంది.

రెండో రోజు, మంగళవారం

పోత అంటే చెవి వెనక ఒక సూది, కుర్చీలో నాలుగు గంటల పడక. లేచేసరికి మూడేళ్ళ చదువంతా తలలో ఉంటుంది. ఆ తర్వాత మూడేళ్ళు ఇక్కడెందుకయ్యా అంటే, తలకి తెలిసింది చేతులకి తెలియడానికి.

మధ్యాహ్నానికి వరండా అంతా పండితులే. తొలకరి గాలి యంత్రంలోని నూట పన్నెండు భాగాల పేర్లు వరసగా చెబుతూ నడిచొచ్చి గడప తట్టుకుని బోర్లా పడింది.

నాకు పట్టలేదు. డాక్టరు రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి సూది పక్కన పెట్టేశాడు. "తప్పు నీది కాదమ్మా. లక్షలో ఒక తల ఇలా ఉంటుంది. ఎంత పోసినా జారిపోతుంది" అన్నాడు. కాగితం మీద ఏదో రాసి సంతకం చేశాడు. అరవయ్యో రోజున నేను పాలకమండలి ముందు నిలబడాలి. సీటు ఉంచడమో తీసేయడమో వాళ్ళ ఇష్టం. పోత లేని విద్యార్థి ఇంతవరకూ ఇక్కడ లేరు.

తీసేస్తే ఏమవుతుందో ఇక్కడే రాసి పెట్టుకుంటాను, భయం వేసినప్పుడు చూసుకోడానికి. మా ఊళ్ళో గాలి పలచన. మా అమ్మ బడిలో పద్యం చెబితే పాదానికోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. గాలి ఇంజనీరు రెండు నెలలకోసారి వచ్చి, మర బిగించి, అదే బండిలో వెళ్ళిపోతాడు. మా ఊళ్ళో ఉండిపోయే ఇంజనీరు కావాలంటే మా ఊరి మనిషే అవ్వాలి. ఆ మనిషిని నేనే. ఇందులో నాకు సందేహం లేదు. ఇప్పుడు పోత పట్టకపోవడం కొంచెం ఇబ్బందే, అంతకుమించి ఏం లేదు.

రూమ్మేట్లతో దాచకుండా చెప్పేశాను. తొలకరి "అయ్యో" అని తన బొబ్బట్టులో సగం ఇచ్చింది. జరీనా నా వైపు తిరిగి, "అరవై రోజులల్ల ఎంత చదువుతవ్?" అంది.

"మీకు నాలుగు గంటలు పట్టింది గదా. నాకు కాస్త ఎక్కువ పడతది, అంతే" అన్నాను.

అయిదో రోజు, శుక్రవారం

ఈ హాస్టల్లో ర్యాగింగు ఇలా ఉంటుంది: ప్రతి శుక్రవారం సీనియర్లు జూనియర్లకి తలంటుతారు. సూది గుచ్చిన చోట దురద పెడుతుంది కాబట్టి మొదలైన ఆచారమట. భ్రమరాంబక్క మూడో ఏడాది. ఆవిడ చేతికి చిక్కిన తల మళ్ళీ మెడ మీద నిలబడ్డానికి గంట పడుతుంది. తలరుద్దుతూ మనల్ని మన ఊరి సంగతులు అడుగుతుంది. నేను ఉప్పుగూడెం అనగానే, "అక్కడి గాలికి ఈ జుట్టు ఎలా మొలిచిందే?" అంది. మంచి మనిషి.

ఇన్నేళ్ళూ బూడిదరంగు పొడితో తలంటుకునేవారట. మొక్కల పెంపకపు గదిలో నాటిన కుంకుడు చెట్టు ఈ ఏడాదే తొలిసారి కాసింది. అసలు కుంకుడుకాయలు. హాస్టలంతా పండగ. కుంకుడుకాయ ఎలా కొట్టాలో పోతలో అందరికీ వచ్చింది, కొట్టడం మాత్రం ఒక్కరికీ రాలేదు. గింజలు వరండా అంతా ఎగిరాయి. ఒకటి వార్డెన్ గారి కళ్ళజోడుకి తగిలింది.

తొమ్మిదో రోజు, మంగళవారం

కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొచ్చే కొన్ని సంగతులు.

తరగతిలో మాస్టారు పాఠం చెప్పరు. అందరికీ తెలిసిందే కదా. మన చేతుల వైపు చూస్తూ తిరుగుతారు. మా మృత్యుంజయం మాస్టారైతే తిరుగుతూ నిద్రపోతారేమో అనిపిస్తుంది. నలభై ఏళ్ళ నుంచి పిల్లలు అదే మరని అదే తప్పుతో బిగిస్తుంటే చూస్తున్నారాయన. నేను చెయ్యెత్తి "ఈ కవాటం ఎడమకి ఎందుకు తిరగాలి సార్?" అన్నాను. తరగతంతా నా వైపు తిరిగింది. ఆయన ఆగి, కాసేపు ఆలోచించి, "ఎడమకే తిరుగుతుందమ్మా" అన్నారు. ఆ రోజంతా తన చెయ్యి గాలిలో ఎడమకీ కుడికీ తిప్పుకుంటూ కనిపించారు.

మెస్‌లో వంట వంతులవారీగా పిల్లలదే. దోసె పలచగా రావాలంటే పెనం ఎంత వేడి ఉండాలో మా బ్యాచిలో అందరూ అంకె చెప్పగలరు. దోసె మాత్రం అట్లకాడతో గీకి తినాల్సిందే. నా వంతు రోజు బాగా కుదిరాయి. మా ఊళ్ళో చిన్నప్పటి నుంచి నేనే పోసేదాన్ని. తొలకరి పద్నాలుగు తింది, లెక్క తనే చెప్పింది.

పాత పుస్తకాల గది ఒకటుంది, తాళం వేసి. వార్డెన్ గారిని అడిగితే వెతికి వెతికి తాళంచెవి ఇచ్చారు. "ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగలేదే దీన్ని. లోపల ఎలకలుంటాయేమో, ఎలకలైనా ఉంటే బాగుణ్ణు" అన్నారు. పొద్దున అయిదు గంటలకి లేచి అక్కడ కూచుంటున్నాను. రోజుకి ముప్ఫై పేజీలు. చదివినదాంట్లో అర్థంకానిది ఎర్ర గీతతో, అర్థమైంది నల్ల గీతతో. ఎరుపే ఎక్కువ. ఫర్వాలేదు, మనదసలే ఎర్ర నేల.

పధ్నాలుగో రోజు, ఆదివారం

తొట్టిలో పాచి కొంచెం పసుపు తిరిగింది. మా ఒక్క గదిలోనే కాదు, వరండాలో అన్ని గదుల్లోనూ. జరీనా క్షణం ఆలోచించలేదు. అల్మారాలోంచి పచ్చ ఉప్పు తీసి రెండు చెంచాలు వేసింది. పాచి పసుపెక్కితే పచ్చ ఉప్పు, పోతలో అలాగే ఉంది. ముప్ఫై నాలుగు గదుల్లో ముప్ఫై నాలుగు చేతులు అదే సమయానికి అదే రెండు చెంచాలు వేశాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

నాకు ఏం వెయ్యాలో తెలియదు కాబట్టి నోటుపుస్తకంలో రంగు రాసుకున్నాను. ఈ రోజు నుంచి రోజుకి మూడుసార్లు రాస్తాను. గదిలో గాలి ఎంతుందో చూపే గాలిముల్లు ఎక్కడుందో కూడా.

ఇరవై ఒకటో రోజు, ఆదివారం

బుధవారానికి కాస్త తేరుకున్న పాచి మళ్ళీ పసుపెక్కింది, పోయిన వారం కన్నా ఎక్కువగా. జరీనా మూడు చెంచాలు వేసింది. గాలిముల్లు పచ్చగీత దిగి పసుపుగీత మీదికొచ్చింది. మెట్లెక్కితే తల నొప్పి. తొలకరి మెస్‌కి రెండుసార్లు ఆగి వెళుతోంది. నాకేం కాలేదు. ఇది మా ఊరి గాలే.

ఇరవై నాలుగో రోజు, బుధవారం

దొరికింది. నా నోటుపుస్తకంలో రంగులన్నీ వరసగా చూస్తే, పసుపెక్కడం మొదలైంది శనివారం మధ్యాహ్నం; ముందు వారమూ ఆదివారానికే పసుపు. శనివారం ఏం జరుగుతుంది? దీపాల సైదులు మావ తీగలు చూసుకోడానికని పూటంతా దీపాలు సగానికి తగ్గిస్తాడు. పాచికి వెలుగు చాలడం లేదు. అంతే.

మెస్‌లో బల్ల మీద నిలబడి మరీ చెప్పాను. ఈ శనివారం దీపాలు తగ్గించకుండా చూడండి, ఆదివారం పాచి పచ్చగా లేకపోతే నా పేరు మార్చుకుంటాను అని. సైదులు మావ నవ్వి సరేనన్నాడు. జరీనా మొహంలో మాత్రం నవ్వు లేదు. "ఉప్పు తక్కువైంది వరాలూ. నాకు ఎర్కే" అంది.

ఇరవై ఎనిమిదో రోజు, ఆదివారం

దీపాలు తగ్గలేదు. పాచి మునుపటికన్నా పసుపెక్కింది.

పొద్దున మెస్‌లో ఎవరో "పేరు ఏం పెట్టుకుంటావే?" అన్నారు. మెస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ప్లేటు కడిగి పెట్టి, పుస్తకాల గదికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నాకు ఏడుపంటే సిగ్గు లేదు, కానీ ఎవరైనా చూస్తే మాత్రం ఉంది.

సాయంత్రం గదికొచ్చేసరికి బల్ల మీద ఒక కాగితం ఉంది. పలకతీత అర్జీ. గదిలో ఇద్దరు సంతకం పెడితే మూడో మనిషి పలక తీసేస్తారు. జరీనా సంతకం ఉంది. తొలకరిది లేదు. తొలకరి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"నీ ఎనక పెట్టలే, ముందటనే పెట్టిన. నువ్వంటే నాకు మంచిగనే ఉంటది. కానీ మా అన్నను సూస్తే భయమైతది" అంది జరీనా.

"నాకు చానా కోపంగా ఉంది నీ మీద" అన్నాను.

"ఉంటది" అంది.

ముప్ఫయ్యో రోజు, మంగళవారం

రెండు రోజులు జరీనాతో మాట్లాడలేదు. ఒకే గదిలో, ఒకే పలచటి గాలి పీలుస్తూ మాట్లాడకుండా ఉండడం కష్టం. తొలకరి మధ్యలో నిలబడి ఇద్దరికీ విడివిడిగా మంచినీళ్ళు ఇస్తోంది. అర్జీ ఏం చేశావే అంటే "తిన్నాక ఆలోచిస్తానన్నానా, ఇంకా ఆకలిగానే ఉంది" అంది.

నా తప్పు ఎక్కడుందో తెలిసింది. శనివారం అని తెలియగానే శనివారం జరిగేవే చూశాను. మనం స్నానం చేసిన నీళ్ళే వడపోత దాటి తొట్టికి వస్తాయి; అలా చేరడానికి ఎంతసేపు పడుతుంది? పాత పుస్తకంలో ఉంది, పద్దెనిమిది గంటలు. శనివారం మధ్యాహ్నం తొట్టికొచ్చేవి శుక్రవారం సాయంత్రపు నీళ్ళు. శుక్రవారం సాయంత్రం హాస్టలు మొత్తం చేసే పని ఒక్కటే, తలంటు.

ఈసారి బల్ల ఎక్కలేదు. మెస్ నుంచి ఎనిమిది పచ్చడి సీసాలు తెచ్చి కడిగాను.

ముప్ఫై మూడో రోజు, శుక్రవారం

కిటికీ లేని గదిలో కిటికీ అరుగులా ఒక చెక్క ఉంది, దాని మీద సీసాలు పేర్చాను. అన్నిట్లో మా తొట్టి పాచే, గరిటెడు గరిటెడు. రెంటిలో తాగే నీళ్ళు. రెంటిలో నిన్నటి స్నానాల నీళ్ళు, వడపోత దాటాక పట్టినవి. మిగతా నాలుగూ ఇవాళ్టి కోసం ఖాళీగా ఉంచాను. అన్నిటికీ ఒకే దీపం, ఒకే చెక్క. ప్రతిదానికీ జత ఎందుకంటే ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుంది.

సాయంత్రం తలంట్లయ్యాక వడపోత దగ్గర కూచుని నీళ్ళు పట్టాను. నురగ ఏం లేదు, తేటగా ఉన్నాయి. రెండు సీసాలు నిండాయి. ఆఖరి రెంటిలో బూడిదరంగు పొడి కలిపిన నీళ్ళు, అవీ వడపోత దాటాకే. పొడి వార్డెన్ గారి అలమరలో అడుగున దొరికింది. "తలకి పెట్టుకుంటావా?" అన్నారు. "పాచికి పెడతానండీ" అంటే నా నుదురు ముట్టుకుని చూశారు.

ముప్ఫై ఆరో రోజు, సోమవారం

తాగే నీళ్ళ సీసాలు రెండూ పచ్చగా ఉన్నాయి. గురువారపువీ పచ్చే. పొడి కలిపినవీ పచ్చే. శుక్రవారపు కుంకుడు నీళ్ళ సీసాల్లో ఒకటి పసుపెక్కింది. రెండోది తెల్లగా అయిపోయింది, పాచి పూర్తిగా చచ్చిపోయింది. రెంటికీ ఒకే నీళ్ళు, ఒకే పాచి. ఒకటి ముందు ఎందుకు చచ్చింది? కారణం తెలియదు. తెలియదనే రాశాను.

ముప్ఫై ఏడో రోజు, మంగళవారం

చెప్పాను. సీసాలు చూపించి చెప్పాను. పోత పోసిన మనుషులకి పోతలో లేనిది చెప్పడం ఎలా ఉంటుందో కొత్తవాళ్ళు తెలుసుకోవాలి. వాళ్ళు పొగరుతో కాదనరు. స్నానాల నీళ్ళు వడపోత దాటితే శుభ్రం అని వాళ్ళకి చిన్నప్పటి పేరు తెలిసినంత గట్టిగా తెలుసు. పోత తయారయిన రోజుల్లో కుంకుడు చెట్టు లేదు, బూడిదరంగు పొడే ఉంది. ఆ వడపోత ఆ పొడికి కుట్టిన చొక్కా. తొలకరి సీసాలు చూసి తలూపింది, మళ్ళీ అడ్డంగా ఊపింది. "కళ్ళకి నిజమే అనిపిస్తోందే బాబూ. చెవిలో నీళ్ళు పోయినట్టు లోపల మాత్రం గుయ్యిమంటోంది" అంది.

భ్రమరాంబక్క దగ్గరికెళ్ళి రెండు శుక్రవారాలు తలంట్లు ఆపమన్నాను. "దీపాలైపోయాయి, ఇప్పుడు తలంట్లా? రేపు మా ఊపిరి కూడా ఆపమంటావు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు. నవ్వడానికి సరిపడా గాలి కూడా లేదు.

జరీనా తెల్లబడిన సీసాని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టింది.

నలభై రెండో రోజు, ఆదివారం

గాలిముల్లు ఎర్రగీత మీద ఉంది. పన్నెండు తొట్లు చచ్చిపోయాయి. ఆ గదుల వాళ్ళని మెస్‌లోకి మార్చి సిలిండర్లు తెరిచారు. సిలిండర్లు వారం రోజులకి సరిపోతాయట. ఎస్తేరు రాణి గారు గది గదికీ తిరిగి గాలిముళ్ళు చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆవిడ చేతిలో చీపురు లేకుండా చూడలేదు, ఇవాళ మాత్రం చేతులు ఖాళీగా ఉన్నాయి.

రేపు పాలకమండలి కూచుంటుంది. అన్ని తొట్లలోనూ ఉప్పు రెట్టింపు చెయ్యాలన్నది వాళ్ళ ఆలోచన. నేను మాట్లాడాలని అడిగాను. పోత లేని మనిషి మండలితో మాట్లాడవచ్చా అన్నది ముందు తేల్చాలట. అందుకని నా అరవయ్యో రోజుని రేపటికి జరిపేశారు. జరీనా అర్జీ కూడా రేపే చూస్తారు.

మంచిదే. పదిహేడు రోజులు కాచుక్కూచోవడం తప్పింది.

నలభై మూడో రోజు, సోమవారం

గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను. 

అయిదుగురు కూచున్నారు. మధ్యలో మృత్యుంజయం మాస్టారు. వెనక బెంచీల్లో హాస్టల్లో సగం మంది. నేను ఎనిమిది సీసాలూ ట్రేలో పెట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళ ముందు బల్ల మీద సర్దాను. నోటుపుస్తకం తెరిచి ఒక్కో సీసా గురించీ చదివాను. దీపాల గురించి నేను చెప్పింది తప్పని కూడా చదివాను. దాచుకుంటే నా పుస్తకానికే పరువు తక్కువ.

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. "అమ్మాయ్, నువ్వు చెప్పేది నాకు అర్థమవుతోంది. కాని నలభై ఏళ్ళుగా నా తలలో ఉన్నది ఇది అబద్ధమంటోంది. నేనేం చెయ్యను?" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు.

"నన్ను నమ్మొద్దు సార్. సీసాలు చూడండి" అన్నాను.

ఆయన లేచి, బల్ల దగ్గరికొచ్చి, నడుం వంచి ఒక్కో సీసా కళ్ళకి ఆనించుకుని చూశారు. అలా ఎంతసేపు చూశారో తెలియదు. మిగతా నలుగురూ కుర్చీల్లోనే కదులుతున్నారు.

"మరి ఇదేమిటి?" తెల్ల సీసా ఎత్తారు. "దీనికీ పక్కదానికీ ఒకే నీళ్ళంటున్నావు. ఇదెందుకు చచ్చింది, అదెందుకు బతికుంది?"

"తెలీదు సార్."

"తెలీదా?" చివర కుర్చీలో పెద్దమనిషి అందుకున్నాడు. "ఒక్క సీసా సంగతే తెలియనప్పుడు ముప్ఫై నాలుగు తొట్ల సంగతి నీ మాట మీద ఎలా వదిలేస్తాం? ఉప్పు రెట్టింపు చేద్దాం. ఈ అమ్మాయి విషయం వేరే చూద్దాం."

 ట్రే అంచు పట్టుకుని నిలబడ్డాను. ఉప్పుగూడెం బండి గురువారం ఉంటుందని గుర్తొచ్చింది. రాసి పెట్టుకున్న భయమంతా ఒకేసారి వచ్చింది.

వెనక బెంచీ చప్పుడైంది. జరీనా లేచి నిలబడింది.

"అందుల నేను ఉప్పు ఏసిన సార్."

అందరూ తిరిగారు. తన గొంతు సన్నగా ఉంది గాని ఆగలేదు. "ఆదివారం పొద్దుగాల. వరాలు లేనప్పుడు. రెండు సీసాలు పసుపైతున్నయని సూసిన, ఒకదాన్నన్న బతికిద్దామని రెండు పలుకులు ఏసిన. సెప్పలే. సెప్తే నాది తప్పైతదని సెప్పలే. ఏసినదే ముందుగాల సచ్చింది. ఏయనిది ఇంకా పానంతోనే ఉంది." కాస్త ఊపిరి తీసుకుంది. "మా తొట్టిల గూడ వారం వారం నేనే ఏసిన. ముప్ఫై నాలుగు గదులల్ల అందరం ఏసినం. కుంకుడు నీళ్ళు సగం సంపితే, మిగిలిన సగం మేమే సంపినం."

మాస్టారు రెండు సీసాలూ రెండు చేతుల్లో పట్టుకుని పక్కపక్కన పెట్టి చూశారు. ఆయన మొహం మారడం నేను చూశాను. కోపం కాదు, బాధ కూడా కాదు. "నలభై ఏళ్ళ తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి దొరికింది" అన్నారు మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత అటు తిరిగి, "ఉప్పు ఆపండి. అన్ని గదుల్లోనూ. తలంట్ల నీళ్ళు బకెట్లలో పట్టి బయట గోతిలో పొయ్యండి. ఉన్న తొట్లకి తాగే నీళ్ళు పెట్టండి" అన్నారు. చివర కుర్చీ పెద్దమనిషి ఏదో అనబోతే, ఆయన సీసా తీసి ఆ పెద్దమనిషి చేతిలో పెట్టారు.

ఇక నా సంగతి. పోత లేని సీటు అనేది నియమాల్లో లేదు. ఒకే దారి ఉందన్నారు. నా పరీక్షకి నా గది పూచీ పడాలి. నేను తప్పితే మిగతా ఇద్దరి పట్టా కూడా పోతుంది, అది తెలిసీ ఇద్దరూ నోటితో ఒప్పుకోవాలి. ఒకరు కాదన్నా నేను బండెక్కాల్సిందే.

తొలకరి అడగకముందే "నేను ఒప్పుకున్నానండి" అంది. అర్జీ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద నూనె మరకలున్నాయి, తన సంతకం లేదు.

కింద జరీనా సంతకం ఒక్కటే ఉంది. మాస్టారు కాగితం తన వైపు తిప్పారు. "ఇది నీదే కదమ్మా. ఉంచమంటావా?"

జరీనా కాగితం మీది తన సంతకం వైపు చూసింది. తను ఎవర్ని తలుచుకుంటోందో నాకు తెలుసు. గనిలో రాళ్ళు మోసే ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు, అయినా ఆ గదిలో ఆయన కూడా నిలబడి ఉన్నట్టే అనిపించింది. కాదంటే తప్పు పట్టను అనుకున్నాను. పట్టేదాన్నే లెండి, కాని ఆ క్షణంలో అలా అనుకున్నాను.

"రేపు ఇంకో తొట్టి ఇంకో జబ్బుతోని వస్తది సార్" అంది జరీనా. "నాకు మందు ఎర్కుంటది. సూడకుంటనే ఏస్తా. తొలకరి గూడ గంతే." కలం అడిగి తీసుకుంది. తన పేరు మీద అడ్డంగా గీత గీసింది, కాగితం చిరిగేంత గట్టిగా. "మా గదిల ఒక్కరికన్న తెల్వకుండ ఉండాలె."

నేను ఏడ్చాను. ఈసారి అందరూ చూశారు, చూస్తే చూడనీ. తొలకరి నా చేతిలోంచి ట్రే అందుకుని, "పదండే, సీసాలు మెస్ వాళ్ళకి తిరిగివ్వాలి" అంది.